చామనచాయ కాళ్లు, ఎర్రటి నేల: ఓరుగల్లు ముట్టడి బొమ్మలకు బేస్‌లు ఎలా ఎంచుకున్నాం

కరీంనగర్‌లో డిగ్రీ పిల్లలకు చరిత్ర చెప్పే లెక్చరర్ సార్ ఒకాయనకు 1310 నాటి ఓరుగల్లు ముట్టడిని టేబుల్ మీద ఆటగా ఆడించాలని కోరిక. బొమ్మలు రెసిన్‌లో ప్రింట్ చేయించి, రంగులు వేయమని హనుమకొండలో ఉన్న నాకు పంపారు. ఒకవైపు ప్రతాపరుద్రుడి కాల్బలం, విలుకాండ్రు, రెండు ఏనుగులు. మరోవైపు మాలిక్ కాఫూర్ వెంట వచ్చిన ఢిల్లీ గుర్రపు దళం, కొంత పదాతి. అన్నీ 28 మిల్లీమీటర్ల స్కేలువే. ధోవతులు, తలపాగాలు, డాళ్ల రంగులు ఒక్క ఫోన్ కాల్‌లో తేలిపోయాయి. పేచీ అంతా బేస్ దగ్గరే వచ్చింది.

బేస్ అంటే బొమ్మ నిలబడే బిళ్ల. ఇక్కడ కాలిబంటుకు 25 మి.మీ., గుర్రానికి 50, ఏనుగుకు 100. చాలామంది బొమ్మంతా అయిపోయాక, ఓపిక కూడా అయిపోయాక దీని జోలికి వస్తారు. ఇసుక చల్లి, గోధుమ రంగు పూసి, గడ్డి అంటించి పక్కన పెట్టేస్తారు. కానీ ఆడేవాళ్లు బొమ్మను రెండు మూడు అడుగుల దూరం నుంచి, అదీ పైనుంచి చూస్తారు. అంత దూరానికి కనుబొమ్మలు ఎంత బాగా గీశామో ఎవరికీ తెలియదు. తెలిసేది బొమ్మ ఆకారం, దాని చుట్టూ ఉన్న నేల. అందుకే ఏ ఆర్డరైనా బొమ్మకు ప్రైమర్ కొట్టకముందే బేస్ సంగతి తేల్చుకుంటాను.

సార్ కోరిక సూటిగానే ఉంది. "తమ్మీ, మన చెలక మట్టి ఎర్రగుంటది. బేస్ చూడంగనే ఇది ఓరుగల్లు అని తెల్వాలె. గంతే."

మాట న్యాయమైనదే. చిక్కు ఎక్కడంటే, ఆ ఎర్ర నేల మీద నిలబడాల్సిన మనిషి కాళ్లకు చెప్పుల్లేవు.

ఈ హాబీలో మనం చూసి నేర్చుకునే పద్ధతుల్లో ఎక్కువ భాగం ఇంగ్లండ్ నుంచి వచ్చినవే. 1990ల్లో గేమ్స్ వర్క్‌షాప్ అనే ఇంగ్లండ్ బొమ్మల కంపెనీ వాళ్ల సైన్యాలకు బేస్ అంచు దాకా పచ్చిక పచ్చ రంగు వేసేవారు. తర్వాత ముదురు గోధుమ, దాని మీద లేత గోధుమ డ్రైబ్రష్ (దాదాపు పొడిగా ఉన్న బ్రష్‌తో ఎత్తైన చోట్ల మాత్రమే రంగు తగిలించడం), అక్కడక్కడా గడ్డి కుచ్చులు అనే పద్ధతి స్థిరపడింది. బూట్లు, ఉక్కు కవచం తొడిగిన బొమ్మకు అది చక్కగా కుదురుతుంది. నేల గోధుమ, కాలు నలుపో వెండో, రెండూ విడివిడిగా కనిపిస్తాయి. మన కాకతీయ బంటు ధోవతిని మోకాళ్ల పైకి బిగించి కట్టాడు. అక్కడి నుంచి పాదం దాకా చామనచాయ ఒళ్లే. ఆ చాయకూ, ఎర్రమట్టికీ రంగులో తేడా ఉంది కానీ వెలుగులో లేదు. దూరం నుంచి కన్ను ముందు పట్టేది వెలుగు తేడానే.

నోటితో చెబితే సార్ వినే రకం కాదు. అందుకని ఒకే బంటు బొమ్మను, ఒకే రంగులతో, నాలుగు రకాల నేలల మీద పెట్టి చూపించాలని నిర్ణయించాను: ఎర్ర చెలక, నల్లరేగడి, బండ, ఎండిన లేత మట్టి.

ఎర్ర చెలకకు బర్న్ట్ సియెన్నా వేసి, పైన కొంచెం ఎల్లో ఓకర్‌తో డ్రైబ్రష్ చేశాను. చేతిలో పట్టుకుని చూస్తే నాలుగింటిలోనూ ఇదే అందంగా ఉంది, అందులో అనుమానం లేదు. టేబుల్ మీద పెట్టి, ఫోన్‌తో ఫొటో తీసి, ఫిల్టర్‌లో నలుపు-తెలుపు చేస్తే మాత్రం పిక్కలు, పాదాలు, మట్టి అన్నీ ఒకే బూడిద రంగు. ధోవతి కింద మనిషి లేడు. మోకాళ్ల దాకా బురదలో దిగబడినట్టు కనిపించాడు. బేస్ రంగు తేల్చుకోలేకపోతున్న వాళ్లెవరికైనా నేను మొదట చెప్పేది ఈ ఫొటో సంగతే. పైసా ఖర్చు లేదు, వాదన కూడా అక్కడికక్కడే తెగిపోతుంది.

నల్లరేగడి మీద కాళ్లు బ్రహ్మాండంగా కనిపించాయి, తెల్ల ధోవతి ఇంకా బాగా. కానీ ఏనుగులు, నల్ల గుర్రాలు నేలలో కలిసిపోయాయి. పైగా రేగడి అంటే ఆదిలాబాద్ పత్తి చేలు గుర్తొస్తాయి గానీ ఓరుగల్లు కోట గుర్తు రాదని సార్ ఒప్పుకోలేదు. ఆ విషయంలో ఆయన మాటే సరైనది.

బండ సంగతి వేరు. వరంగల్ చుట్టూ గుట్టలు, పరుపుబండలు ఎటు చూసినా ఉంటాయి. కోట లోపలి గోడ కూడా గ్రానైట్ దిమ్మలదే. లేత బూడిదలో కొద్దిగా గులాబీ ఛాయ కలిపి వేస్తే చామనచాయ కాలు దాని మీద స్పష్టంగా నిలుస్తుంది. కానీ సైన్యం మొత్తాన్ని బండ మీదే నిలబెడితే ఎవరికి వాళ్లు విగ్రహంలా కనిపిస్తారు, దండులా కనిపించరు. కాబట్టి బండను నాయకుల బొమ్మల కోసం దాచాను.

ఇక మిగిలింది ఎండిన లేత మట్టి. నాకు మొదటి నుంచీ దాని మీదే కన్ను. సార్‌కు మాత్రం అది రాజస్థాన్ ఇసుకలా ఉందని అనుమానం.

దీన్ని తేల్చింది రంగుల పరిజ్ఞానం కాదు, సార్ చదివిన చరిత్రే. మాలిక్ కాఫూర్ సేన ఓరుగల్లు ముందు దిగింది 1310 జనవరిలో. ఫిబ్రవరిలో బయటి మట్టికోట మీద దాడి సాగింది. అంటే పుష్యం, మాఘం. వానలు వెనకబడి, గడ్డి పసుపు తిరిగి, బండ్ల బాటల్లో మట్టి పొడిపొడిగా లేచే రోజులు. ఎర్రమట్టి ఎర్రగా కనిపించేది తడిసినప్పుడు, లేదా నాగలి తిప్పి లోపలి మట్టి పైకి వచ్చినప్పుడు. నెలల తరబడి ఎండి, వేల కాళ్ల కింద, గిట్టల కింద నలిగిన నేల అలా ఉండదు. పైపొర వెలిసిపోయి, లేత గోధుమకు దగ్గరగా ఉంటుంది. ఈ మాటే సార్‌తో అన్నాను.

ఆయన నమూనాను టేబుల్ అంచున పెట్టి, వంగి, కొంచెంసేపు చూశారు. "మేడారం జాతర టైముల దుబ్బ లెక్కనే ఉన్నది గదా ఇది!"

నేను అంతకంటే బాగా చెప్పలేకపోయేవాణ్ని. మాఘ పున్నమికి మేడారం వెళ్లొచ్చిన వాళ్లెవరికైనా ఆ దుబ్బ, అంటే మెత్తటి దుమ్ము, రంగు, అది పాదాల మీద ఎక్కడిదాకా పడుతుందో బాగా తెలుసు. అక్కడి నుంచి ఆయన ఆక్షేపణ ఒక్కటే మిగిలింది: ఎరుపు పూర్తిగా పోకూడదు.

ఎరుపును ఎక్కడ ఉంచాలి?

అసలు పనితనమంతా ఇక్కడే ఉంది. 25 మి.మీ. బిళ్లను మనసులో రెండు వలయాలుగా విడదీశాను. లోపల, పాదాల చుట్టూ, తొక్కిన నేల: లేతది, నునుపైనది. బయట, అంచుకు దగ్గరగా, తొక్కని నేల: కాస్త గరుకు, కాస్త ఎరుపు. రెంటి మధ్య గీత పెట్టినట్టు ఉండకూడదు, ఒకదాంట్లోకి ఒకటి జారాలి. ఇలా చేస్తే సార్ అడిగిన ఎరుపు పైనుంచి చూసేవాడికి అందుతుంది, కాళ్ల వెనకాల మాత్రం లేత రంగే ఉంటుంది.

మొదటి పూతకు ఎల్లో ఓకర్ రెండు పాళ్లు, బర్న్ట్ సియెన్నా ఒక పాలు, చిటికెడు పేన్స్ గ్రే. అది ఆరాక నీళ్లలా పలచగా చేసిన రా అంబర్ వాష్, గింజల సందుల్లోకి దిగేలా. తర్వాత మొదటి మిశ్రమానికే తెలుపు కలుపుతూ రెండు మెట్లు డ్రైబ్రష్. చివరి మెట్టు దాదాపు ఎండుగడ్డి రంగు, అది లోపలి వలయానికి మాత్రమే. బయటి వలయంలో వాష్‌కు బర్న్ట్ సియెన్నా కలిపాను. స్కేలు తగ్గే కొద్దీ అదే రంగు కంటికి ముదురుగా తోస్తుంది కాబట్టి, అసలు మట్టిని పక్కన పెట్టుకుని దానికి సరిపోయేలా కలిపినా బేస్ మీద ముదురే అవుతుంది. ఒక మెట్టు లేతగా కలపాలి.

తర్వాతి పని చిన్నదే గానీ, బొమ్మ నేల మీద నిలిచిందా, తేలుతోందా అన్నది దీని మీదే ఆధారపడి ఉంటుంది. సన్న బ్రష్‌తో, పాదం నేలను తాకే చోట మాత్రమే, మడమ నుంచి చిటికెన వేలి దాకా రా అంబర్‌తో వెంట్రుకంత నీడ గీత. లేత నేల మీద ఈ గీత లేకపోతే మనిషి గాల్లో ఉన్నట్టుంటాడు. గీత మందమైతే చెప్పులు తొడిగినట్టవుతుంది. అది ఆరాక ఆఖరి డ్రైబ్రష్ రంగునే వేలి కొసలకు, మడమకు, ధోవతి కింది అంచుకు తాకీ తాకనట్టు అద్దాను. మేడారం దుబ్బ అక్కడిదాకానే రావాలి. పిక్కల మీదికి పాకిందంటే మనం ఇంత కష్టపడి తెచ్చిన తేడా పోతుంది.

నిజమైన మట్టి వాడొచ్చు కదా అని చాలామంది అడుగుతారు. సార్ కూడా ఖిలా వరంగల్ వైపు నుంచి ఒక డబ్బాలో మట్టి పంపారు, ఆయన సంతోషం కోసం వాడాను కూడా. కానీ రంగు కోసం కాదు, గింజ కోసం. ఫెవికాల్, నీళ్ల మిశ్రమం పీల్చుకున్న మట్టి ఆరాక కూడా తడిసినట్టే ముదురుగా ఉండిపోతుంది, కాబట్టి ఎలాగూ మీద రంగు వేయాల్సిందే. మట్టిని ముందు పాత పెనం మీద, పొయ్యి బయట పెట్టుకుని, బాగా వేడి చేయాలి. లేకపోతే అందులో ఉన్న పురుగు గుడ్లు, బూజు బొమ్మలతో పాటు పెట్టెలోకి వెళ్తాయి. తర్వాత జల్లించాలి. 28 మి.మీ. బొమ్మ అంటే దాదాపు అరవయ్యో వంతు. బేస్ మీద ఒక మిల్లీమీటరు గింజ నిజంలో ఆరు సెంటీమీటర్ల రాయి. చాయ్ జాలిలోంచి దిగినదంతా మట్టి అనుకుంటే మన బంట్లు కంకర మీద యుద్ధం చేస్తున్నట్టే. నేను పాత చున్నీ గుడ్డలోంచి దిగిన పొడిని లోపలి వలయానికి, జాలిలోంచి దిగినదాన్ని బయటి వలయానికి వాడాను. జాలిలో మిగిలిన మొరం గింజలు బేస్‌కు ఒకటో రెండో, అవీ అన్నిటికీ కాదు. బంకమన్ను పాలు ఎక్కువున్న మట్టిని మందంగా వేస్తే ఆరేటప్పుడు బీటలు వారుతుంది. రెండు పలచటి పొరలు మేలు.

ఇంకో తలనొప్పి రెసిన్ ప్రింట్లతో వచ్చేది. బొమ్మ పాదాల కింద ఒక మి.మీ. మందాన చిన్న పలక కూడా అచ్చవుతుంది. దాన్ని అలాగే బిళ్ల మీద అంటిస్తే మనిషి పీట మీద ఎక్కినట్టుంటాడు. చుట్టూ ఎంసీల్ పెట్టి, తడి వేలితో వాలుగా లాగి, ఆ వాలునే తొక్కిన నేలగా మార్చేశాను. బూట్ల బొమ్మలకైతే పలకను కోసి పారేసేవాణ్ని. ఒట్టి చీలమండలు మరీ సన్నం, కోసేటప్పుడు పుటుక్కుమంటాయి.

గడ్డి గురించి ఎక్కువ చెప్పేది లేదు. ఆన్‌లైన్‌లో దొరికే కుచ్చులు చాలావరకు పచ్చివి, మాఘమాసానికి పనికిరావు. గోనెసంచి నార సన్నగా ఉంటుంది. నాలుగు మి.మీ. ముక్కలుగా కత్తిరించి, చిన్న కట్టలుగా నిలబెట్టి, కింద ఒక చుక్క జిగురు వేస్తే ఎండు గడ్డి. కొబ్బరి పీచు మాత్రం గడ్డికి మరీ లావు, ఆ స్కేలులో జొన్న దంటంత అవుతుంది. అందుకే దాన్ని రెండు మి.మీ.కు కత్తిరించి, గుర్రాల బేస్‌ల మీద వరసగా నాటి, కోసిన జొన్నచేను కొయ్యకాళ్లుగా వాడుకున్నాను. మొత్తం సెట్‌లో సార్‌కు అన్నిటికంటే నచ్చింది ఆ కొయ్యకాళ్లే. గంటలు పెట్టి చేసిన ఏనుగు అంబారీని ఆయన ఒక్క మాటతో దాటేశారు!

రెండు సైన్యాలకూ నేల ఒకటే ఉండాలా, వేరుగా ఉండాలా అన్నది ఇంకో ప్రశ్న. పక్షాలు సులువుగా తెలియాలని కొందరు ఒకరికి ఎర్రనేల, ఇంకొకరికి పచ్చనేల పెడతారు. నాకది నచ్చదు. ఒకే పొలంలో కొట్టుకునేవాళ్లు రెండు జిల్లాల మట్టి వెంట తెచ్చుకోరు. నేల ఒకటే ఉంచి, తేడాను బిళ్ల అంచులో చూపించాను. కాకతీయులకు ముదురు అంబర్, ఢిల్లీ వాళ్లకు నీలం కలిసిన బూడిద. నల్ల అంచు చాలామందికి ఇష్టం, ఫొటోకు బాగుంటుంది కూడా. కానీ సార్ ఆట గుడ్డ లేత కావి రంగుది. దాని మీద నల్ల అంచులు క్యారమ్ బోర్డు మీద నల్ల కాయల్లా ముందు కనిపించి, బొమ్మలు తర్వాత కనిపించాయి. బేస్ నమూనాను ఎప్పుడూ అది తిరిగే గుడ్డ మీదే పెట్టి చూడాలి, తెల్ల కాగితం మీద కాదు.

ప్రతాపరుద్రుడి బేస్

ఇక్కడ మళ్లీ కాసేపు వాదన. రాజు బేస్ మీద విరిగిన కీర్తితోరణం ముక్క ఒకటి పడి ఉండాలని సార్ సరదా. చూడటానికి ఎవరికైనా నచ్చే ఆలోచనే, ఖిలా వరంగల్ అనగానే అందరి కళ్ల ముందు మెదిలేది ఆ తోరణాలూ, చుట్టూ చెల్లాచెదురుగా పడిన చెక్కడాలే. కానీ ఆ తోరణాలున్న స్వయంభూ శివాలయం కూలింది 1323లో ఓరుగల్లు ఢిల్లీ చేతికి వెళ్లాక. 1310లో గుడి నిండుగా నిలబడి ఉంది. రాజు కాలి దగ్గర శిథిలం పెడితే ఆయనకు పదమూడేళ్ల ముందే జోస్యం చెప్పినట్టు. చరిత్ర లెక్చరర్‌కు ఈ మాట నేను చెప్పాల్సి రావడం ఆయనకే నవ్వొచ్చింది. అయితే రామప్ప ఎర్ర రాయి రంగైనా వేయమన్నారు. 1213 నాటి ఆ గుడి ఇసుకరాయి ఎరుపు నిజంగా మనసు లాగేసే రంగే. కానీ అది పాలంపేటలో ఉంది, కోట గోడ గ్రానైట్. పైగా ఎరుపు మీద చామనచాయ అన్న మొదటి సమస్య మళ్లీ మొదలవుతుంది.

చివరికి రాజు కోట గోడ మీది నడవలో నిలబడ్డాడు. ఫోమ్ బోర్డ్ ముక్కకు పై కాగితం ఒలిచి, పెన్నుతో దిమ్మల గీతలు నొక్కి, ముడిచిన అల్యూమినియం ఫాయిల్ ఉండను దాని మీద దొర్లించాను. గ్రానైట్ గరుకు దానంతటదే వచ్చింది. బూడిద, దాని మీద స్పంజితో గులాబీ, తెలుపు, నలుపు చుక్కలు. ఆ గోడ దిమ్మల మధ్య సున్నం ఉండదు, రాయి మీద రాయి అతుక్కుని ఉంటుంది. కాబట్టి కీళ్లలో తెల్ల గీతలు వేయలేదు, నీడ మాత్రమే.

ఏనుగుల విషయంలో రంగు కంటే బిళ్ల ముఖ్యం. 25 మి.మీ. ఎండీఎఫ్ (చెక్కపొడిని ఒత్తి చేసే పలక) బిళ్ల తడిసినా పెద్దగా వంగదు. 100 మి.మీ. బిళ్లకు ఒకవైపే నీళ్ల జిగురు పూస్తే సాసర్‌లా లేస్తుంది. రెండువైపులా వార్నిష్ పూసి మొదలుపెట్టొచ్చు. నేను మాత్రం నేమ్‌ప్లేట్లు చేసే షాపులో మూడు మి.మీ. యాక్రిలిక్ షీట్‌తో కోయించాను. దాని నునుపు మీద మట్టి నిలవదు కాబట్టి ముందు గరుకు కాగితంతో రుద్దాలి. ఏనుగు చర్మం ముదురు బూడిద గనుక దాని కింద లేత నేల బాగా అచ్చొచ్చింది. ఎరుపు వలయాన్ని కూడా బంట్లకంటే ఇంకాస్త వెడల్పుగా ఉంచగలిగాను.

పొడి పిగ్మెంట్లు వాడితే దుమ్ము ఇంకా నిజంగా వచ్చేది. అద్దాల బీరువాలో పెట్టే బొమ్మైతే తప్పకుండా వాడేవాణ్ని. ఇవి కాలేజీ పిల్లల చేతుల్లో తిరిగేవి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో అణిచినా రుద్దితే రాలతాయి, తర్వాత తెల్ల ధోవతుల మీద వేలిముద్రలు పడతాయి. అందుకే దుబ్బంతా పెయింట్‌తోనే. వార్నిష్ దగ్గరికి వచ్చేసరికి ముసురు పట్టింది. గాల్లో అంత తడి ఉన్నప్పుడు మ్యాట్ స్ప్రే కొడితే తెల్లటి మంచులా పొర కట్టే ప్రమాదం ఉంది, ముఖ్యంగా ముదురు రంగుల మీద. డబ్బా పక్కన పెట్టి, బ్రష్‌తో పూసే మ్యాట్ వార్నిష్ పలచగా రెండు చేతులు వేశాను. బిళ్ల అంచుకు మాత్రం శాటిన్, ఎందుకంటే వేళ్లు పట్టుకునేది అక్కడే. అడుగున చిన్న నియోడైమియం అయస్కాంతాలు, బొమ్మలు రేకు పెట్టెలో కదలకుండా కరీంనగర్ చేరడానికి.

పిల్లలు ఆడటం మొదలుపెట్టాక వచ్చిన ఫిర్యాదు ఒక్కటే. గుర్రాలు పక్కపక్కన చేరినప్పుడు అంచున ఉన్న కొయ్యకాళ్లు ఒకదానికొకటి తగులుకుని ఊడుతున్నాయి. వాటిని అంచు నుంచి మూడు మి.మీ. లోపలికి జరిపి మళ్లీ నాటిస్తున్నాను. రంగు గురించి ఎవరూ ఏమీ అనలేదు. ఎవరి బంటు ఎటు చూస్తున్నాడో వెనక వరసలో నిలబడ్డవాళ్లకు కూడా తెలుస్తోందని సార్ చెప్పారు. నాకు కావాల్సింది అదే.

ఇప్పుడు రెండో విడతగా మట్టికోట గోడ ముక్కలు, అగడ్త ముక్కలు వచ్చాయి. గోడకు బేస్ మిశ్రమాన్నే ఒక మెట్టు ముదురు చేసి, ఎరుపు పెంచి వేస్తున్నాను, ముందు నిలబడ్డ బొమ్మల నేల దానిలో కలిసిపోకుండా. సార్ మొదట అడిగిన ఎర్రమట్టికి అక్కడ కావలసినంత చోటుంది. అగడ్త నీళ్లే ఇంకా తేలలేదు. ఆయన ఒడ్డు దాకా నిండుగా కావాలంటున్నారు, నేను మాఘమాసం నీళ్లు చాలంటున్నాను.